సర్వరు, డిస్కు, నిమ్మకాయ

మొన్న ఓ సంస్థ వేయించిన అరపేజీ ప్రకటన చూశారుగా. రికార్డులన్నీ క్లౌడ్‌లోకి ఎక్కించేశారట, కాగితంతో ఇక పనే లేదట, డేటా వంద శాతం భద్రమట. 'వంద శాతం' అన్న మాట చెవిన పడగానే నేను మా వీధి చివరి షాపుకెళ్లి పాత రసీదులన్నిటికీ ఇంకో సెట్టు జిరాక్సు తీయించుకున్నాను.

మన ఆఫీసుల్లో బ్యాకప్ లేదని ఎవరన్నారు? భేషుగ్గా ఉంటుంది. సర్వరు గదిలోనే, సర్వరు పక్కనే, అదే ప్లగ్గుబోర్డు మీద, ఓ ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్కు. కప్పు కారితే రెండూ కలిసే తడుస్తాయి. నిప్పంటుకుంటే కలిసే కాలతాయి. రాన్సమ్‌వేర్ దిగబడితే, డిస్కు ఎప్పుడూ తగిలించే ఉంటుంది గనక, దానికీ శ్రమ ఉండదు.

దసరాకు ఆయుధ పూజ మాత్రం లోటు లేకుండా జరుగుతుంది. సర్వరుకో బొట్టు, డిస్కుకో బొట్టు, మధ్యన నిమ్మకాయ. మూడు కాపీలుండాలి, అవి రెండు రకాల సాధనాల మీద ఉండాలి, ఒకటైనా వేరే చోట ఉండాలి అని తెలిసినవాళ్లు ఏళ్లుగా మొత్తుకుంటున్నారు. మనవాళ్లు ఆ మూడునూ గౌరవించారు: సర్వరు, డిస్కు, నిమ్మకాయ. ఇంకాస్త జాగ్రత్తపరులుంటే డిస్కును బీరువాలో పెడతారు. ఆ బీరువా కూడా అదే గదిలో ఉంటుంది. తాళంచెవి బదిలీ మీద వెళ్లిపోయిన పెద్దమనిషి దగ్గర ఉంటుంది. ఆయన ఫోనెత్తడు.

క్లౌడ్ అంటారా? అదీ ఎక్కడో ఒక గదే. దక్షిణ కొరియా ప్రభుత్వం తన ఉద్యోగుల ఫైళ్లను జీ-డ్రైవ్ అనే సొంత క్లౌడ్‌లో పెట్టించింది. 2025 సెప్టెంబర్ 26న అది ఉన్న దేజాన్ డేటా సెంటర్లో లిథియం బ్యాటరీలు అంటుకున్నాయి. 858 టెరాబైట్లు బూడిద. బయట కాపీ ఎందుకు లేదయ్యా అంటే, మరీ పెద్దది గనక కుదరలేదన్నారు. ఇల్లు మరీ పెద్దదని తలుపులు పెట్టించలేదన్నట్టు!

ఇక రోజూ రాత్రి వచ్చే 'బ్యాకప్ సక్సెస్' మెయిలు. ఆ కాపీని తిరిగి ఎక్కించి చూసినవాడు ఉండడు. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ అనే సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఓ ఇంజినీరు పొరపాటున అసలు డేటాబేసునే చెరిపేశాడు. ఐదు రకాల ఏర్పాట్లుంటే ఒక్కటీ అక్కరకు రాలేదు. ఆరు గంటల ముందు ఇంకో పనికోసం అతనే తీసిపెట్టుకున్న కాపీ దిక్కయింది. వాళ్లకు సిగ్గులేదనాలో, నిజాయితీ అనాలో, తంటాలు పడి డేటాను బతికించుకోవడాన్ని యూట్యూబ్‌లో లైవ్ పెట్టారు. మన దగ్గరైతే 'స్వల్ప సాంకేతిక సమస్య'.

2022 నవంబర్‌లో ఢిల్లీ ఎయిమ్స్ ఆసుపత్రి మీద సైబర్ దాడి జరిగినప్పుడు రోగుల చీటీలు రోజుల తరబడి చేత్తో రాశారు. దాడి తగలని బ్యాకప్ సర్వరు ఒకటి మిగిలింది కాబట్టి డేటా తిరిగొచ్చింది. మిగలకపోయి ఉంటే?

ఇక్కడే నాకు ఒళ్లు మండుతుంది. మిగలనప్పుడు ఏం జరుగుతుందో మీకూ తెలుసు. కిటికీ ముందు ఓ ముసలావిడ నిలబడి ఉంటుంది. "సిస్టంలో నీ పేరు లేదమ్మా, పాత పాస్‌బుక్కు తీసుకురా." పోగొట్టింది వీళ్లు, రుజువు తేవాల్సింది ఆవిడ. రూపాయి రూపాయి కట్టి, రసీదులు ట్రంకుపెట్టెలో చీర మడతల మధ్య దాచుకున్న మనిషిని దొంగను చూసినట్టు చూస్తారు. ఆ పెట్టె లేకపోతే ఈ సంస్థకు తన ఖాతాదారులెవరో కూడా తెలియదు. కోట్లు పోసి సర్వర్లు కొన్నవాళ్ల ఆఖరి బ్యాకప్ ఆ రేకుపెట్టె! దానికి అద్దె ఎవరిస్తారు? ఆవిడ ఆటో ఛార్జీలెవరిస్తారు? నిర్లక్ష్యం చేసినవాడికి కనీసం ఒక మెమో అయినా ఇచ్చారా?

కాబట్టి అయ్యా, వంద శాతాలు మాకొద్దు. కిందటిసారి ఆ బ్యాకప్‌ను వేరే మిషన్లో ఎక్కించి, ఖాతాలు సరిపోయాయో లేదో చూసిన తేదీ చెప్పండి. అరపేజీ ప్రకటనలో ఛైర్మన్‌గారి ఫొటోకు అంత చోటు దొరికింది కదా, దాని కింద ఒక్క తేదీ పట్టదా?