ఎయిర్ ఫోర్స్ వన్ ద్వివాక్య కావ్యం: టీకా తాత్పర్య సహితం

అవతారిక

కావ్యం ఎంత పొట్టిదైతే వ్యాఖ్యానం అంత పొడుగు సాగుతుంది. ఈ కావ్యం రెండే వాక్యాలు. కవి కల్నల్ రాల్ఫ్ ఆల్బర్టాజీ, అమెరికా అధ్యక్షుడి విమానానికి పైలట్. కాలం 1974 ఆగస్టు 9. స్థలం మిస్సోరీ రాష్ట్రం మీది ఆకాశం: జెఫర్సన్ సిటీకి నైరుతిగా 13 మైళ్ళు, ఎత్తు 39,000 అడుగులు. వాటర్‌గేట్ వ్యవహారంలో నిలదొక్కుకోలేక గద్దె దిగిన రిచర్డ్ నిక్సన్ ఆ విమానంలో కాలిఫోర్నియాకు ఇంటిదారి పట్టాడు. ఇటు ఈయన గాలిలో ఉండగానే అటు వాషింగ్టన్‌లో జెరాల్డ్ ఫోర్డ్ అధ్యక్షుడిగా ప్రమాణం చేశాడు. ఆ వెంటనే ఆల్బర్టాజీ రేడియోలో కింది కంట్రోలర్‌తో అన్న మాట మనకు మూలం.

మూలంలో లేనిదేదీ రాయనని ప్రతిజ్ఞ పట్టిన సంస్కృత కావ్య వ్యాఖ్యాత కొలచెలమ మల్లినాథసూరిది మెదక్ జిల్లా కొల్చారం. ఆ జిల్లా ఆకాశంలో ఇవాళ దుండిగల్ వైమానిక అకాడమీ శిక్షణ విమానాలు గిరికీలు కొడుతున్నాయి గనుక, ఈ విషయం ఆ సంప్రదాయానికి బొత్తిగా పరాయిదని ఎవరూ ఆక్షేపించరాదు. ప్రతిజ్ఞ మాత్రం నేను పట్టను.

మూలం

"కాన్సస్ సిటీ, ఇది ఎయిర్ ఫోర్స్ వన్ అయి ఉండెను. మా కాల్‌సైన్‌ను సియెర్రా ఆల్ఫా మైక్ 27000గా మార్చెదరా?"

ప్రతిపదార్థం

కాన్సస్ సిటీ = ఓ కాన్సస్ సిటీ కంట్రోలరూ (ఊరు ఊరంతా రేడియో వినదు గనుక ఇక్కడ లక్షణ; గంగలో గొల్లపల్లె అన్నట్టు); ఇది = మాట్లాడుచున్న ఈ బోయింగ్ 707; ఎయిర్ ఫోర్స్ వన్ = అధ్యక్షుని మోయుచున్న వైమానిక దళ విమానము; అయి ఉండెను = నిన్నమొన్న కాదు, ఇంతకుముందే, ఇక కాదు; మా = చోదకుడు, సిబ్బంది, వెనుక కూర్చున్న పెద్దమనిషి అందరికీ వర్తించును; సియెర్రా ఆల్ఫా మైక్ = ఎస్, ఏ, ఎం అను మూడక్షరములు, అనగా స్పెషల్ ఎయిర్ మిషన్; 27000 = తోక మీద రాసిన అంకె; మార్చెదరా = మార్చక తప్పదు, అయినను అడుగుట మర్యాద.

అన్వయం

సుగమం.

తాత్పర్యం

విమానం అదే, ఇంజన్లు నాలుగూ అవే, కుర్చీలో కూర్చున్న మనిషీ అతడే. పేరొక్కటి ఊడిపోయింది. నేల మీద చెయ్యెత్తి ఇంకొకరు ప్రమాణం చేస్తే, దూరాన గాలిలో పోతున్న విమానానికి పేరు మారిందని భావం.

శంక, సమాధానం

ఇక్కడ తార్కికులు గొడవకు దిగుతారు. నిక్సన్ రాజీనామా పత్రం విదేశాంగ మంత్రి హెన్రీ కిసింజర్ చేతికి అంది ఆయన పొడి సంతకం పెట్టింది 11 గంటల 35 నిమిషాలకు. ముందురోజు రాత్రి టీవీలో నిక్సన్ ప్రకటించిన ముహూర్తం మధ్యాహ్నం 12. ఫోర్డ్ ప్రమాణం 12 గంటల 3 నిమిషాలకు. పత్రవాదుల మతంలో 11:35 నుంచే నిక్సన్ మాజీ. అంటే తక్కిన 28 నిమిషాలూ విమానం తనది కాని పేరుతో ఎగిరిందన్నమాట. ముహూర్తవాదులు ఈ దొంగతనాన్ని మూడు నిమిషాలకు కుదిస్తారు. ప్రమాణవాదులు అసలు దొంగతనమే జరగలేదంటారు.

ఇందులో ఎవరి పక్షమూ పట్టనక్కర్లేదు. కాల్‌సైన్ రాజ్యాంగంలోని పదవి కాదు, రేడియోలో ఎవరు మాట్లాడుతున్నారో తెలిసే గుర్తు. కొత్త పేరు కంట్రోలర్ చెవిన పడేదాకా పాత పేరే పేరు. అధికారం పోయిందని మధ్యలో పేరు లేకుండా ఎగిరితే, ఎదురొచ్చే విమానం నుంచి తప్పించడానికి ఏమని పిలుస్తారు?

ఆ పేరు పుట్టిందే ఈ భయంలోంచి. ఐతిహ్యం ఏమంటే, 1950ల తొలినాళ్ళలో ఐసెన్‌హోవర్ ప్రయాణిస్తున్న కాన్‌స్టలేషన్ విమానం ఎయిర్ ఫోర్స్ 8610. అదే ఆకాశంలో ఈస్టర్న్ ఎయిర్‌లైన్స్ వారి 8610 కూడా తగిలింది. ఒకరిని పిలిస్తే ఇద్దరు పలికే ప్రమాదం. అప్పటినుంచి అధ్యక్షుడు ఎక్కిన వైమానిక దళ విమానానికి వేరే పేరు పెట్టారు. అంకెల పోలికే ఇంత పని చేస్తుంది కాబట్టే రేడియోలో 9ని నైన్ అనకుండా నైనర్ అంటారు; గరగర శబ్దంలో అది ఫైవ్‌లా వినిపించకూడదు.

విశేషం

పెళ్ళికొడుకు దిగితే పల్లకి ఉత్త కొయ్య; ఎయిర్ ఫోర్స్ వన్ సంగతీ అంతే. అధ్యక్షుడు మెరైన్ దళ హెలికాప్టర్ ఎక్కితే అది మెరైన్ వన్. 2003 మే 1న జార్జ్ డబ్ల్యూ. బుష్‌ను అబ్రహాం లింకన్ యుద్ధనౌక మీద దింపిన నౌకాదళ వైకింగ్ విమానం నేవీ వన్. నిక్సనే 1973 డిసెంబర్ 26న, చమురు కరువు రోజుల్లో పొదుపు చూపిద్దామని మామూలు జనంతో కలిసి యునైటెడ్ వారి విమానంలో లాస్ ఏంజెలెస్ వెళ్తే, అది ఎగ్జిక్యూటివ్ వన్ అయింది. ఏడాది తిరక్కుండానే ఆయన ఎక్కిన విమానానికి తోకమీది అంకె తప్ప మరేదీ మిగలలేదు.

దీనికి ప్రత్యుదాహరణ 1963 నవంబర్ 22. డల్లాస్ లవ్ ఫీల్డ్‌లో ఆగి ఉన్న 26000 నంబరు విమానంలో వెనక కెనెడీ శవపేటిక, ముందు గదిలో లిండన్ జాన్సన్ ప్రమాణస్వీకారం. అక్కడ మనిషి మారాడు, పేరు నిలిచింది. మిస్సోరీ మీద మనిషి నిలిచాడు, పేరు మారింది. ఈ రెండు సందర్భాలూ పక్కపక్కన పెట్టి చూడని వాడికి మూలంలోని "అయి ఉండెను" ఉత్త వ్యాకరణంలా కనిపిస్తుంది.

నామ విచారం

కాల్‌సైన్లలో కొన్ని రూఢి, కొన్ని యౌగికం. నాటో వారి ఎగిరే రాడార్ విమానాలు మ్యాజిక్. ఎందుకని అడగరాదు, రూఢి. అమెరికా రవాణా విమానాలు రీచ్. ఎక్కడికైనా చేరతాయి గనుక యౌగికమే. మిన్నెసోటా వాళ్ళ సరుకు విమానం గోఫర్. ఆ రాష్ట్రానికి గోఫర్ అనే బొరియ జంతువు మీద ముద్దుపేరుంది. గోఫర్ 06 అన్నది 2001 సెప్టెంబర్ 11న ఆండ్రూస్ నుంచి ఇంటికి పోతుండగా, ఒక ప్రయాణికుల విమానాన్ని కాస్త వెంబడించి చూడమని కంట్రోలర్ కోరాడు. వీళ్ళు చూస్తుండగానే అది పెంటగన్‌ను ఢీకొంది. మళ్ళీ ఇంటిదారి పడితే పెన్సిల్వేనియాలో ఇంకో విమానం కూలిన పొగ కనిపించింది. బొరియ జంతువు పేరుతో ఎగిరినవాళ్ళకు ఆ రోజు దాక్కునే చోటు దొరకలేదు.

అలంకారం

భ్రాంతిమదలంకారానికి ఇంతకంటే మంచి లక్ష్యం నాకు తెలియదు. 1967 జనవరి 2, ఉత్తర వియత్నాం ఆకాశం. అమెరికా బాంబర్లు, అంటే థండర్‌చీఫ్‌లు, బరువుతో నిదానంగా వస్తాయి. మిగ్‌లకు అవంటే ఇష్టం. కల్నల్ రాబిన్ ఓల్డ్స్ తన ఫాంటమ్ యుద్ధవిమానాలను థండర్‌చీఫ్‌ల దారిలో, అదే ఎత్తున, అదే వేగంతో, వాటి కాల్‌సైన్ల బాణీలోనే నడిపించాడు: ఫోర్డ్, రాంబ్లర్, లింకన్, ఇలా కార్ల పేర్లు. మేత అనుకుని మబ్బుల్లోంచి పైకి వచ్చిన మిగ్‌లకు పులులు ఎదురయ్యాయి. ఏడింటిని కూల్చామని అమెరికా లెక్క. నాయకుడి దండుకు పెట్టిన పేరు ఓల్డ్స్. కారూ అదే, కల్నల్ ఇంటిపేరూ అదే. శత్రువును ఏమార్చే పనిలో ఉండి కూడా శ్లేష వదలలేదంటే ఆ కల్నల్‌ను కవుల్లో చేర్చవచ్చు.

ఇంకొకటి ఉంది. 1945 ఆగస్టు 6 వేకువకు ముందే టినియన్ దీవి నుంచి అణుబాంబుతో హిరోషిమాకు బయల్దేరిన ఎనోలా గే కాల్‌సైన్ డింపుల్స్ 82. అంటే బుగ్గ సొట్టలు. విరోధాభాసం అందామంటే, అందులో విరోధం పైకి కనిపించి అర్థం తెలియగానే తొలగిపోవాలి. ఇక్కడ అర్థం తెలిశాకనే మొదలవుతుంది. శాస్త్రంలో దీనికి పేరు లేదు, నేను పెట్టను.

విమానం పేరు మనిషికి సంక్రమించిన సందర్భమూ చెప్పాలి. 2021 ఆగస్టులో అఫ్ఘనిస్తాన్ విడిచి వస్తున్న ఒక తల్లికి, రీచ్ 828 విమానం జర్మనీలో రామ్‌స్టైన్‌లో దిగగానే దాని సరుకుల అరలోనే ఆడపిల్ల పుట్టింది. ఆ పిల్లకు రీచ్ అనే పెట్టారు. విమానం మాత్రం మరుసటి ప్రయాణానికి వేరే అంకె తగిలించుకుని పోయి ఉంటుంది.

పాఠాంతరం

27000 విమానం 2001లో ఎగరడం మానేసింది. ఇప్పుడది కాలిఫోర్నియాలో, సిమీ వ్యాలీలోని రీగన్ గ్రంథాలయంలో ఒక పెద్ద గాజు మందిరంలో నిలబెట్టి ఉంది. టిక్కెట్టు కొని లోపలికి ఎక్కవచ్చు. అధ్యక్షుడు లేడు, ఇంధనం లేదు, పిలిచే కంట్రోలర్ లేడు. అయినా ఆ మందిరానికి ఎయిర్ ఫోర్స్ వన్ పెవిలియన్ అని పేరు పెట్టారు. ఆల్బర్టాజీ పాఠం సియెర్రా ఆల్ఫా మైక్ 27000 అని స్పష్టంగా ఉండగా ఇది అపపాఠం. గ్రాహ్యం కాదు.