ప్లగ్గు పీకితే ఆట కట్టు

1980 నాటి ప్యాక్‌మ్యాన్ వీడియోగేమ్ పెట్టెకు షట్‌డౌన్ అంటే ఏమిటో తెలియదు. దుకాణం మూసేవేళ యజమాని కరెంటు కట్టేసేవాడు. ఆట మొత్తం చెరగని రోమ్ చిప్పుల్లో ఉండేది కాబట్టి పోయేది ఆ రోజు హైస్కోరు ఒక్కటే.

ఇప్పుడు అలాంటి పెట్టెను ఇంట్లో కట్టించుకున్న మహారాజులూ అదే రాజసం వెలగబెడుతున్నారు. వడ్రంగి చేత వంపులు తీయించారు, నెత్తిన మెరిసే బోర్డు పెట్టించారు. లోపలున్నది మాత్రం రాస్‌ప్‌బెర్రీ పై. బుల్లిదే అయినా అదీ కంప్యూటరే! మెమరీ కార్డు మీద ఏదో రాసుకుంటుండగా ప్లగ్గు పీకారో, ఫైళ్లు పాడై, మర్నాడు తెర మీద ప్యాక్‌మ్యాన్‌ను తరిమే దయ్యాలకు బదులు ఎర్రర్ అక్షరాలు ఆడతాయి.

రాస్‌ప్‌బెర్రీ పై తయారీదారులూ తక్కువ తినలేదు. 2012లో పుట్టిన ఈ బోర్డు మీద పవర్ బటన్ మొలిచింది 2023లో, పై 5 వచ్చాకే. బటన్ కదా, తొందరపడకూడదు మరి!

పాత బోర్డులకూ మందుంది. జీపీఐఓ 3 పిన్నుకూ గ్రౌండుకూ మధ్య ఓ బటన్ కలిపి, సెట్టింగుల ఫైల్లో ఒక్క లైను చేరిస్తే చాలు. నొక్కితే బుద్ధిగా పడుకుంటుంది, మళ్లీ నొక్కితే లేస్తుంది. కానీ డజను బటన్లు బిగించిన చేతికి పదమూడోది బరువైపోతోంది!