క్యోటోకి లైన్ క్లియర్ ఇంకా రాలేదు

నిషి కసాయ్, టోక్యో
నవంబరు, బుధవారం రాత్రి

పెదనాన్నగారికి,

మొన్న ఫోన్‌లో "ఈ శని, ఆదివారాలు క్యోటో వెళ్తున్నాం" అన్నానో లేదో, "ఏ బండి? ఎన్నింటికి? రిజర్వేషన్ అయిందా?" అని గుక్క తిప్పుకోకుండా అడిగేశారు. రిటైరైనా స్టేషన్ మాస్టరు స్టేషన్ మాస్టరే. ఆ ప్రశ్నలకి జవాబు ఫోన్‌లో తేలేది కాదు కాబట్టి తాపీగా రాస్తున్నాను. దీన్ని ఫోటో తీసి అక్కకి పంపుతాను, తను చదివి వినిపిస్తుంది. అసలు కాగితం పోస్టులో వస్తుంది. మీ ఇనప్పెట్టెలో దాచుకోవచ్చు.

క్యోటో పేరు మీకు కొత్త కాదు. 2014లో కాశీకీ క్యోటోకీ ఒప్పందం కుదిరిందని పేపర్లో చదివి, "ముందు మొగల్‌సరాయ్‌లో బండ్లు టైముకి వదలమనండి" అన్నారు మీరు. ఆ క్యోటోకే మా ప్రయాణం. క్రీ.శ. 794లో కమ్ము చక్రవర్తి కట్టించుకున్న రాజధాని. అంతకుముందు రాజధాని నారాలో ఉండేది. ఆయన దాన్ని నాగఓకాకి మార్చాడు. అదీ అచ్చిరాలేదు. పదేళ్ళకే మళ్ళీ మూటాముల్లే సర్దుకుని క్యోటోకి వచ్చాడు. రాజధాని ఎక్కడో తేల్చుకోలేకపోవడం మన ఆంధ్రా వాళ్ళ సొంత ఆస్తి అని ఇన్నాళ్ళూ అనుకున్నాను. వీళ్ళు పన్నెండు వందల ఏళ్ళ కిందటే ఆ ముచ్చట తీర్చేసుకున్నారు. కాకపోతే మూడోచోట కుదురుకున్నాక వెయ్యేళ్ళు దాటినా కదల్లేదు. 1868లో ఎడో పట్నం పేరు టోక్యో అయ్యాక చక్రవర్తి మకాం ఇటు మారింది. క్యోటో పాతకాపులు మాత్రం "ఆయన ఊరెళ్ళారు, వచ్చేస్తారు" అని ఇప్పటికీ అంటారట. రాకపోతే మానె, ఇల్లు మాత్రం ఊడ్చి ఉంచుతున్నారు.

ఇక యాత్రికుల సంగతి. మేం ఆరుగురం. పేర్లు మీకెలాగూ గుర్తుండవు, ఊళ్ళతోనే చెబుతాను. గుంటూరు అన్నయ్యా వదినా, నల్గొండ అన్న, వైజాగ్ కుర్రాడు, అనంతపురం అమ్మాయి, నేను. మా నిషి కసాయ్‌లో మనవాళ్ళు ఎంతమంది అంటే, కరివేపాకు కోసం ఎవరూ కంగారు పడనంతమంది. వాట్సాప్‌లో గ్రూపు పెట్టుకున్నాం. దానికి ఏం పేరు పెట్టాలన్న దాని మీద ఒక సాయంత్రం గడిచిపోయింది.

ముందు మీ బండి. షింకాన్‌సెన్ మొదటి లైను 1964 అక్టోబరు 1న, టోక్యో ఒలింపిక్స్‌కి తొమ్మిది రోజుల ముందు మొదలైంది. ఇప్పుడు అందులో బాగా వేగంగా వెళ్ళే బండిని నొజోమి అంటారు. పదహారు బోగీలు, గంటకి 285 కిలోమీటర్లు. సుమారు అయిదు వందల కిలోమీటర్ల దూరాన్ని రెండుంపావు గంటల్లో లాగేస్తుంది. మీరు గూడ్సు బండిని లూప్ లైన్లో పెట్టి, టీ తాగి, కంట్రోలు వాళ్ళతో దెబ్బలాట ముగించేలోపు మేం అక్కడ దిగుతాం. టోక్యోలో బండి వచ్చి ఆగాక ఊడ్చి, తుడిచి, సీట్లన్నీ వెనక్కి తిప్పేసి, కొద్ది నిమిషాల్లోనే మళ్ళీ జనాన్ని ఎక్కిస్తారు. ఇంకోటి విన్నారంటే మీ కడుపు నిండిపోతుంది. ఇక్కడ డ్రైవరు ప్రతి సిగ్నల్నీ వేలితో చూపించి పైకి చదువుతాడు. పక్కన పురుగు లేకపోయినా సరే. ప్లాట్‌ఫారం మీద ఉద్యోగులదీ అదే వరస. మీరు పడుకోబోయే ముందు గ్యాస్ సిలిండర్‌కి వేలు చూపించి "బంద్" అంటే దొడ్డమ్మ నవ్వేది కదా. ఆవిడకి చెప్పండి, ఈ దేశంలో రైల్వే అంతా ఆ పనే చేస్తోంది.

ఇలాంటి బండి ఉన్న దేశంలో టిక్కెట్టు కొనడానికి ఏం కష్టం అంటారు. కష్టం బండిలో లేదు, మాలో ఉంది. నొజోమిలో ఒక్కొక్కరికి ఒక వైపుకి సుమారు 14 వేల యెన్లు. మన లెక్కన ఎనిమిది వేల రూపాయల దాకా తేలుతుంది. వినగానే వైజాగ్ కుర్రాడు రాత్రి బస్సు అన్నాడు. అందులో సగం కూడా కాదు గానీ ఎనిమిది గంటల ప్రయాణం. గుంటూరు అన్నయ్య నడుం పట్టుకున్నాడు. "మరైతే అన్ని స్టేషన్లలో ఆగే కొదామాలో పోదాం, దానికి చవక టిక్కెట్లుంటాయి" అన్నాన్నేను. నల్గొండ అన్నకి కోపమొచ్చింది. "పోయేదే రెండొద్దులు, అండ్ల సగం బండిలనే అయిపాయె, ఇగ జూసేదేంది?" అన్నాడు. అనంతపురం అమ్మాయి మాత్రం ఏమీ అనకుండా ఎక్సెల్ షీటు తెరిచింది. "ఊరికే వాదనెందుకప్పా, లెక్క ఏసి పెట్టినా చూడండి" అని ఆ షీటు గ్రూపులో పడేసింది. అందరం మెచ్చుకున్నాం. ఎవరూ తెరవలేదు.

చివరికి నొజోమియే అని తేలింది. తేలాక అసలు యుద్ధం మొదలైంది. బోగీలో ఒకవైపు ఏ, బి, సి అని మూడు సీట్లు, రెండోవైపు డి, ఇ అని రెండు. టోక్యో నుంచి వెళ్ళేటప్పుడు ఫూజీ పర్వతం కుడివైపు కనిపిస్తుంది, అంటే ఇ సీటు కిటికీలోంచి. బయల్దేరిన ముప్పావు గంటకి, ఆకాశం తేటగా ఉంటే, కాసేపు దర్శనం. సీట్లు ఎదురెదురుగా తిప్పుకుంటే నలుగురు అటు కూర్చోవచ్చు, కిటికీలు మాత్రం రెండే. ఇద్దరు నడవకి ఇవతల పడతారు. "పులిహోర ఎవరు కలిపి తెస్తున్నారో వాళ్ళకి కిటికీ" అంది వదిన. న్యాయంగానే ఉంది. పులిహోర కలిపేది వదిన, చింతపండు పిసికేది అన్నయ్య, కాబట్టి రెండు కిటికీలూ గుంటూరు జిల్లాకే పోయాయి. వైజాగ్ కుర్రాడు మర్నాడు పెరుగన్నం ప్రతిపాదన పెట్టాడు. ఇప్పుడు మొత్తం ఆరుగురూ ఏదో ఒకటి వండి తెస్తామంటున్నారు.

తిండి సంగతి నవ్వులాటగా రాస్తున్నాను గానీ, అది నిజంగానే పెద్ద చిక్కు. వదినా, అనంతపురం అమ్మాయీ శాకాహారులు. ఇక్కడ హోటల్లో కూర చూస్తే కూరే, పులుసు చూస్తే పులుసే, పైకి చేప జాడ కనిపించదు. కానీ దేన్ని ఉడికించినా దషి అనే నీళ్ళతోనే ఉడికిస్తారు. ఎండబెట్టిన చేపని రంపపు పొట్టులా చెక్కి ఆ నీళ్ళలో కాస్తారు. "చేప ఉందా?" అని అడిగితే వడ్డించే అమ్మాయి "అబ్బే, ముక్క కూడా లేదండీ" అంటుంది. అబద్ధం కాదు. ముక్క లేదు, రసం ఉంది. శాకాహారం విషయంలో క్యోటోకి మాత్రం మంచి పేరు. బౌద్ధ సన్యాసుల వంట అని మాంసం, చేప, చివరికి ఉల్లి, వెల్లుల్లి కూడా తగలని భోజనం పెడతారు. దొడ్డమ్మ కార్తీక మాసంలో వండే పద్ధతి అన్నమాట. నాన్‌జెన్‌జి గుడి దగ్గర వేడి నీళ్ళలో టోఫు ఉడికించి పెట్టే పాత దుకాణాలున్నాయి. ఆ సంగతి చెబితే నల్గొండ అన్న మొహం మాడిపోయింది. "గింత దూరం పోయి ఉప్పు కారం లేని పన్నీరు తినుడా?" ఆయన బ్యాగులో ముందుగా చేరింది ఆవకాయ సీసా. రైల్లో తినడానికి అడ్డు లేదు గానీ, మూత తీస్తే బోగీ మొత్తం ఫూజీని వదిలేసి మావైపు తిరుగుతుంది.

బస గురించి ఎక్కువ రాయను, రాస్తే మీకు బీపీ వస్తుంది. నవంబరు చివర్లో అక్కడ మేపుల్ ఆకులు ఎర్రబడతాయి. ఆకులు ఎర్రబడే కొద్దీ హోటలు రేట్లు మండిపోతాయి. పక్కనే బివా సరస్సు ఒడ్డున ఓత్సు అనే ఊరుంది, క్యోటోకి రైల్లో పది నిమిషాలు. అక్కడ గదులు దొరికాయి. క్యోటో యాత్రకి మకాం పక్క జిల్లాలో.

ఇక చూడవలసినవి. ఆ ఊళ్ళో బౌద్ధాలయాలు దాదాపు 1,600, షింటో గుళ్ళు 400 దాకా ఉన్నాయి. ఒక్క బౌద్ధాలయాలే, తలా అయిదు నిమిషాలు ఇచ్చి, నిద్రాహారాలు మానేసి చూసినా అయిదున్నర రోజులు పడుతుందని అనంతపురం అమ్మాయి షీటు చెబుతోంది. అసలు ఇన్ని మిగలడమే అదృష్టం పెదనాన్నా. 1945లో అణుబాంబు వెయ్యాల్సిన ఊళ్ళ జాబితాలో క్యోటో కూడా ఉంది. అమెరికా యుద్ధ మంత్రి హెన్రీ స్టిమ్సన్ పట్టుబట్టి తీయించాడు. తరవాత ఆ జాబితాలోకి నాగసాకి వచ్చి చేరింది. ఈ సంగతి గ్రూపులో పెట్టినప్పుడు మాత్రం కాసేపు ఎవరూ జోకు వెయ్యలేదు.

నా ఓటు సంజూసన్‌గెన్‌దో గుడికి. 120 మీటర్ల పొడవున్న చెక్క మండపంలో 1,001 కన్నన్ విగ్రహాలు. కన్నన్ అంటే మన అవలోకితేశ్వరుడే. వాటి ముందు కాపలాగా 28 మంది దేవతలు. అందులో మన బ్రహ్మ ఉన్నాడు, ఇంద్రుడున్నాడు, గరుత్మంతుడైతే రెక్కలతో నిలబడి వేణువు ఊదుతుంటాడు. విష్ణుమూర్తి వాహనానికి ఇక్కడ సంగీతం ఉద్యోగం ఇచ్చారు. లోపల ఫోటోలు తియ్యనివ్వరు, కాబట్టి వైజాగ్ కుర్రాడి ఓటు పడలేదు. అతనికి ఫుషిమి ఇనారి కావాలి, వేల కొద్దీ ఎర్ర తోరణాలు కొండ మీదికి వరసగా. ఒక్కో తోరణం వెనక దాన్ని ఇచ్చిన వ్యాపారి పేరు, తేదీ రాసి ఉంటాయి, మన గుళ్ళో ట్యూబ్‌లైటు మీద దాతల పేర్లు రాసినట్టే. అన్నయ్యకి బంగారు మండపం కింకాకుజి. 1950లో ఒక కుర్ర సన్యాసి దాన్ని తగలబెట్టేశాడు, 1955లో మళ్ళీ కట్టారు. "అంటే నాకంటే పాతిక, ముప్ఫయ్యేళ్ళు పెద్దది, అంతేగా?" అని వదిన దాన్ని జాబితాలోంచి కొట్టేసింది. ర్యోఆన్‌జిలో పదిహేను రాళ్ళున్న తోట ఉంది. ఎక్కడ కూర్చున్నా పద్నాలుగే కనిపిస్తాయట. కనపడని దానికోసం 600 యెన్లు పెట్టనని నల్గొండ అన్న తేల్చేశాడు.

అందరి ఓట్లూ పడింది ఒక్క కియోమిజు గుడికి. కొండ అంచున 13 మీటర్ల ఎత్తున మేకు లేకుండా కట్టిన చెక్క వేదిక, 1633 నాటిది. అక్కణ్ణించి దూకి బతికితే కోరిక తీరుతుందని ఎడో కాలంలో నమ్మేవారు. గుడి రికార్డుల్లో 234 దూకుళ్ళు లెక్క తేలాయట, నూటికి ఎనభై మందికి పైనే బతికారు. 1872లో నిషేధించారు.

సోమవారం పొద్దున్న అందరికీ ఆఫీసులు. ఆదివారం రాత్రి తొమ్మిదిన్నర ప్రాంతంలో క్యోటో నుంచి ఆఖరి బండి. అది ఒక్క నిమిషం కూడా మాకోసం ఆగదు. మీరు స్టేషన్లో ఉన్న రోజుల్లో పెళ్ళివారి కోసం పచ్చజెండా కాస్త ఆలస్యంగా ఊపేవారని దొడ్డమ్మ చెప్పేది. ఇక్కడ ఆ సౌకర్యం లేదు.

మీరు తీర్చాల్సిన తగువు ఒకటే, ఆ ఇ సీటుది. శుక్రవారం రాత్రిలోపు ఫోన్ చెయ్యండి. మీ తీర్పుని గ్రూపులో అందరూ ఒప్పుకున్నారు, ఎవరికి అనుకూలంగా ఇస్తారో తెలియదు కనక.

ఇట్లు
మీ చిన్నాడు

తా.క. కియోమిజులో ఓతొవా జలపాతం అని మూడు ధారలు పడతాయి, పొడుగు గరిటెలతో పట్టి తాగుతారు. ఒకటి ఆయుష్షుకి, ఒకటి చదువుకి, ఒకటి ప్రేమకి అంటారు. మూడూ తాగితే అత్యాశ కింద లెక్క. దొడ్డమ్మ కాశీ చెంబు పక్కన పెట్టుకోవడానికి ఏ ధార నీళ్ళు తెమ్మంటుందో అడిగి చెప్పండి. మూడూ ఒకే సీసాలో కలిపి తెస్తే జపాన్ వాళ్ళకి ఎట్ల తెలుస్తదని నల్గొండ అన్న అంటున్నాడు.