ఎండ కొంటాం!

మన కురుగోడు జంట మినియాపొలిస్‌లో కాపురం. జనవరిలో మైనస్ 20.

మంచు ఆగిన 24 గంటల్లో ఇంటిముందు కాలిబాట ఎవరికి వారే శుభ్రం చేయాలి. లేదంటే నగరపాలక సంస్థే తీయించి బిల్లు పంపుతుంది. ఊళ్లో ఉన్నప్పుడు చీపురు ముట్టని అబ్బాయి, ఇప్పుడు తెల్లారకముందే పార పడుతున్నాడు!

చలికి తాళలేక సెలవుల్లో మెక్సికోలోని కాన్‌కూన్ వెళ్లి, డాలర్లు పోసి ఎండలో పడుకుంటారు.

ఇక్కడ నాన్నగారి మిద్దె మీద మిరపకాయలు అదే ఎండను ఉచితంగా కాగుతున్నాయి.

కిందటి డిసెంబరులో ఊరికొచ్చారు. ఊళ్లోని నంది దొడ్డబసవేశ్వరుడికి దండం పెట్టి, ‘అబ్బ, ఏం ఎండ!’ అంటూ మర్నాడే ఊటీ బయల్దేరారు.

అక్కడ దిగగానే కొన్నవి... రెండు స్వెట్టర్లు.