ప్రభ కదిలింది, కరెంటు తీసెయ్యండి

శివరాత్రి దగ్గరపడ్డాక మా నరసరావుపేట చుట్టుపక్కల పల్లెల్లో ఫ్యాను ఆగితే ఎవరూ సబ్‌స్టేషన్‌కు ఫోన్ చెయ్యరు. “ప్రభ కదిలినట్టుంది” అనుకుని అరుగు మీదికొచ్చి కూర్చుంటారు. బండి మీద నిలబెట్టిన తొంభై అడుగుల ప్రభ కోటప్పకొండ దారి పట్టాలంటే అడ్డమొచ్చిన తీగలు విప్పాలి, విప్పాలంటే సరఫరా ఆపాలి. రాత్రికి కొండ కింద వేల బల్బులతో వెలగబోయే ప్రభ కోసం దారిలో ఊళ్లన్నీ ముందే ఆరిపోతాయి. వెలుగు దేవుడికి, ఉక్కపోత భక్తులకు. పంపకంలో తేడా ఏమీ లేదు.

హైదరాబాదులో కంప్యూటర్ల ఉద్యోగం చేసే మా మేనల్లుడు మొన్న శివరాత్రికి వచ్చాడు. మెడ నొప్పి పుట్టేదాకా ప్రభను చూసి, “మావయ్యా, దేవుడికి ఇంత ఎత్తు అవసరమా?” అన్నాడు.

“దేవుడికెందుకురా అబ్బాయ్, పక్కూరికి” అన్నాను.

కావూరు, పురుషోత్తమపట్నం లాంటి ఊళ్ల పేర్లు జిల్లా దాటి పోయాయంటే ప్రభల చలవే. అందుకని ప్రభ ఎత్తు అనేది మా దగ్గర ఊరి పరువుకు కొలబద్ద. బడి గోడ పడిపోతే మళ్లీ లేపడానికి చందా పుట్టదు. ప్రభ మరో నాలుగు అడుగులు పెంచుదామంటే మాత్రం అమెరికా నుంచి కూడా డబ్బులొస్తాయి.

ఓసారి దగ్గరికెళ్లి చూడండి. అడుగున బండి, దాని మీద చట్రం, చుట్టూ మోకులు. ప్రభ ఒక పక్కకు ఒరిగితే రెండో పక్క కుర్రాళ్లు మడమలు నేలలో దిగేసి వెనక్కి వాలి లాగుతారు. అరచేతులు కమిలి ఎర్రబడి ఉంటాయి. ఆ కాసేపట్లో నీది ఏ పార్టీ, మీరేమిట్లు అని ఎవడూ అడగడు. మోకు జారిందా, పడేది అందరి మీదా. ఇక తలెత్తండి. పైన అభిమాన హీరో. కింద నాయకుడు, పక్కన నాయకుడి కొడుకు, ఆ కింద ఫ్లెక్సీకి డబ్బులిచ్చినవాళ్లు బడి ఫొటోలో పిల్లల్లాగా వరసగా, అందరూ చేతులు జోడించి. ఎవరికి జోడించారని వెతగ్గా వెతగ్గా శివుడు దొరికాడు. ఒక మూల, పాస్‌పోర్టు సైజులో.

పాతకాలం వాళ్లు కొండెక్కుతూ “చేదుకో కోటయ్యా” అని కేకేసేవాళ్లు. ఇప్పటికీ వేస్తారు, మైకుల మధ్య వినపడితే. చేదుకోవడమంటే బావిలోంచి నీళ్లు తోడుకోవడం. మెట్ట పల్నాటిలో చేంతాడంత లోతుకు పోతేగాని కడవ నిండని రోజుల్లో పుట్టిన మొర అది. మేం అడుగున ఉన్నాం, తాడు నీ చేతిలో ఉంది, పైకి లాగు స్వామీ అని. ఇప్పుడు తాడు మా చేతికొచ్చింది. లాగేది ప్రభని.

అసలు ఆ కొండ మీది దేవుడు తాడు కూడా అడగలేదు, తనే దిగొచ్చాడు. కథ తెలియనివాళ్లు మా వైపు లేరుగాని బయటివాళ్ల కోసం చెబుతున్నా. గొల్లభామ ఆనందవల్లి రోజూ రుద్రశిఖరం ఎక్కి శివుణ్ని కొలిచేది. నిండు చూలాలై ఎక్కలేక, నువ్వే మా ఇంటికి రావయ్యా అంది. సరే, ముందు నడువు, వెనక్కి మాత్రం చూడకు అన్నాడు. సగం దారిలో చప్పుడుకు ఆమె వెనుదిరిగింది. స్వామి అక్కడే బ్రహ్మశిఖరం మీద లింగమై నిలిచిపోయాడు. ఇవాళ మనం దర్శనం చేసుకునేది ఆ ఆగిపోయిన చోటే. సిఫారసు ఉత్తరం లేని ఒక గొల్లపిల్ల కోసం నడిచొచ్చిన దేవుడి దగ్గరికి పోవడానికి మనం ఘాట్ రోడ్డు వేసుకున్నాం. పెద్దవాళ్ల కార్లు రయ్యిన పైకి పోతాయి. ఆనందవల్లి ఇవాళ వస్తే మెట్ల దగ్గర ఆగి, పైకెక్కే కార్ల అద్దాల్లో ఎవరున్నారో చూసుకుంటూ నిలబడాల్సిందే. పాపం, వెనక్కి చూసే పనే ఉండదు.

ఆమె నీళ్లకుండను కాకి ఒలకబోసిందని, అందుకే ఆమె శాపం తగిలి కోటప్పకొండ మీద కాకి వాలదని మా నమ్మకం. శాపం కాకులతో ఆగిపోవడం మా దురదృష్టం. పాతికేసి స్పీకర్లు ఒకదాని మీద ఒకటి పేర్చిన డీజే బండ్లను కూడా అందులో కలిపి ఉంటే తిరునాళ్ల మర్నాడు సగం జిల్లాకు చెవులు పనిచేసేవి. ప్రభ ముందు ఒకప్పుడు బుర్రకథలు, నాటకం పద్యాలు. ఇప్పుడు ఏముంటాయో కుటుంబ సమేతంగా చదివే పత్రికలో రాయలేను.

కొండ కింద భోజనం సంగతి మేనల్లుడు అడిగాడు. “ఎక్కడ తిందాం మావయ్యా?” అన్నాడు అమాయకంగా. మన పుణ్యక్షేత్రాల్లో ఆకలి వేసినవాడు ముందు అడగాల్సింది అన్నం ఎక్కడని కాదు, మనవాళ్ల సత్రం ఎక్కడని. ప్రతి కులానికీ ఒక సత్రం, ప్రతి సత్రం మీదా దాతల పేర్ల చలవరాయి. సాంబారు ఒకటే, వంకాయ ఒకటే, బోర్డులు వేరు.

ఇది ఎక్కడ? పల్నాటిలో! కారంపూడి ఇక్కడికి గంటన్నర దారి. అక్కడే కదా బ్రహ్మనాయుడు అన్ని కులాలనూ ఒకే చాప మీద కూర్చోబెట్టి చాపకూడు తినిపించాడని, దళితుడైన కన్నమదాసును కొడుకులా చూసుకున్నాడని ఎనిమిది వందల ఏళ్లకు పైగా చెప్పుకుంటున్నాం. ఏటా కార్తిక అమావాస్య నుంచి అయిదు రోజులు రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్లిపాడు అని వీరుల ఆరాధన జరుగుతుంది. ఆచారవంతులు వీరుల ఆయుధాలైన కొణతాలు భుజాన వేసుకుని ఎక్కడెక్కడి నుంచో వస్తారు. దేవుళ్లకు కాదు, పల్నాటి యుద్ధంలో చచ్చిపోయిన మనుషులకు గుడి కట్టి పూజించుకునే ఊరది. ఆ ఉత్సవంలో చాపకూడు కూడా వడ్డిస్తారు. ఒకే వరసలో కూర్చుని తింటారు, ఫొటోలు దిగుతారు, చేతులు కడుక్కుంటారు, సత్రాలకు చందాలు రాయడానికి పోతారు. కోడిపోరుది ఇంకో చిత్రం. కారంపూడిలో అది ఆరాధన, సంక్రాంతికి మన చేలో అది కేసు.

మేనల్లుడికి జిల్లా అంతా చూపిద్దామని నాగార్జునకొండకు కూడా తీసుకుపోయాను. పడవలో పోతుంటే, “ఇక్కడ నీళ్ల కింద ఏముంది?” అన్నాడు. ఏముంది నాయనా, ఇక్ష్వాకుల విజయపురి ఉంది. రాజు శాంతమూలుడు అశ్వమేధం చేశాడు, ఆయన తోబుట్టువు శాంతిశ్రీ బుద్ధుడికి మహాచైత్యం కట్టించింది. ఒకే ఇల్లు, రెండు దారులు. ఎవరి ప్రభ ఎత్తని కొట్టుకున్నట్టు శాసనాల్లో లేదు. 1955లో నెహ్రూ ఆనకట్టకు శంకుస్థాపన చేశాడు. పురావస్తు శాఖవాళ్లు దొరికినంత తవ్వి, కొన్ని కట్టడాలను విప్పి కొండ మీదా అనుపులోనూ మళ్లీ పేర్చారు. మిగిలింది లోయలో ఉండిపోయింది. ఆ నీళ్లే కుడి కాలువలో పడి మా నరసరావుపేటకు వచ్చాయి. మెట్ట మాగాణి అయింది. మిరప పండింది, పత్తి పండింది, చేతిలో నాలుగు డబ్బులు ఆడాయి. ప్రభ ఎత్తు పెరిగింది. బుద్ధుడు మునిగితే కోటయ్య ప్రభ లేచింది. నా లెక్క ఇది, చరిత్ర పుస్తకాల్లో వెతక్కండి.

“మరి శివుణ్నేమో అంత పొగుడుతాం, ఈ బుద్ధుడికి ఏం చేస్తాం మావయ్యా?” అన్నాడు మేనల్లుడు. టికెట్ కొంటాం అన్నాను. పడవ దిగి ఫొటో తీసుకుంటాం, మ్యూజియంలో పది నిమిషాలు గడిపి ఎత్తిపోతల జలపాతానికి టైమైపోతోందని పరిగెత్తుతాం. 2022 ఏప్రిల్ 4న మాది పల్నాడు జిల్లా అయింది. అప్పట్నుంచి ఎవరు వేదికెక్కినా ఆధ్యాత్మిక పర్యాటకం అంటున్నారు. అది ఆధ్యాత్మికమో పర్యాటకమో తేలలేదుగాని, తాగునీళ్ల కుళాయి, ఆడవాళ్లకు మరుగుదొడ్డి ఉన్న చోట యాత్రికులు కాసేపు ఆగుతారని మా ఆవిడ మాత్రం ఏ మీటింగూ లేకుండానే తేల్చేసింది.

సరే, వచ్చే శివరాత్రికి మీరూ రండి. మా ఇంట్లోనే దిగండి, సత్రం వెతుక్కోనక్కర్లేదు. ఒక్క టార్చిలైటు మాత్రం తెచ్చుకోండి.