రీస్టార్టు వాక్యానికి టీకా తాత్పర్యం

మూలము: “డీబీలో మార్చాను, పేజీలో పాతదే వస్తోంది. రీస్టార్ట్ చేస్తే సరిపోయింది.”

అవతారిక: రాత్రి పదకొండున్నరకు సహోద్యోగి చాట్‌లో పంపిన వాక్యమిది. ఛందస్సు లేదు, ఆదుర్దా ఉంది. సందర్భం ఫ్లాస్క్, ఎస్‌క్యూఎల్ఆల్కెమీ, మైఎస్‌క్యూఎల్. 42వ ఆర్డరు టేబుల్లో ‘షిప్డ్’, పేజీలో ‘పెండింగ్’.

ప్రతిపదార్థము: డీబీలో = ఇనోడీబీ టేబుల్లో; మార్చాను = అప్‌డేట్ కొట్టి కమిట్ కూడా చేశాను (అడిగి రూఢి చేసుకున్నాం); పాతదే = ‘ఏ’ అవధారణార్థకం, ఎన్నిసార్లు రిఫ్రెష్ కొట్టినా అదే అని; చేస్తే = చేదర్థకం; సరిపోయింది = సరి, పోయింది అని పదవిభాగం. పేజీ సరి, సాక్ష్యం పోయింది.

తాత్పర్యము: పైథాన్ డీబీ డ్రైవర్లకు పెప్ 249 శాసనం, ఆటోకమిట్ మొదట ఆపి ఉండాలని. అందుచేత వట్టి సెలెక్ట్ కొట్టినా ట్రాన్సాక్షన్ తెరుచుకుంటుంది. ఇనోడీబీ డిఫాల్టు రిపీటబుల్ రీడ్. మొదటి సెలెక్టుకు తీసిన స్నాప్‌షాట్‌నే ఆ తర్వాతి సెలెక్టులన్నీ చదువుతాయి. మనవాడు మాడ్యూల్ నెత్తిన ఒక్క సెషన్ తెరిచి ప్రతి రిక్వెస్టుకూ దాన్నే వాడాడు. చదవడమే కదా అని కమిట్ చెయ్యలేదు, రోల్‌బ్యాకూ చెయ్యలేదు. పొద్దుటి ఫొటో చూస్తూ, రాత్రికి ‘ఇంకా గడ్డం గీసుకోలేదేం’ అన్నట్టు.

పూర్వపక్షము: మైఎస్‌క్యూఎల్ క్వెరీ క్యాష్ దోషమని కొందరు. 8.0లో దాన్ని తీసేశారు. లేనివాడి మీద నింద!

విశేషము: రసికులు ఆగవలసిన చోటిది. ఎకో పెట్టి చూస్తే లాగులో సెలెక్ట్ వెళ్తూనే ఉంటుంది. మరి క్యాష్ ఎక్కడిది? స్నాప్‌షాట్ కాకుండా ఐడెంటిటీ మ్యాప్ అని రెండో అనుమానితుడున్నాడు. కొత్త వరస వచ్చినా, అదే ప్రైమరీ కీ గల ఆబ్జెక్టు సెషన్‌లో బతికి ఉంటే ఆల్కెమీ దాన్నే చేతికిచ్చి కొత్త విలువలను పక్కన పడేస్తుంది. ఎవరి పనో తేలాలంటే ఆబ్జెక్టును అడక్కుండా స్టేటస్ కాలమ్ ఒక్కటే సెలెక్ట్ చెయ్యాలి. కొత్తది వస్తే నేరం మ్యాప్‌ది, పాతదే వస్తే స్నాప్‌షాట్‌ది. తొందరపడి ముందే రోల్‌బ్యాక్ కొడితే రెండూ ఒకేసారి చెరిగిపోతాయి, తగువు తేలదు.

పాఠాంతరము: ‘రీస్టార్ట్’ బదులు ‘సెషన్ రిమూవ్’ అని శుద్ధప్రతి. రిక్వెస్టు ముగియగానే పిలవాలి; ఫ్లాస్క్-ఎస్‌క్యూఎల్ఆల్కెమీ అయితే ఆ పని తనే చేస్తుంది. పోస్ట్‌గ్రెస్ ప్రతుల్లో ఈ వాక్యం అరుదు. అక్కడ డిఫాల్టు రీడ్ కమిటెడ్.

మర్నాడు ఆయనే ‘రిపోర్టుల స్క్రిప్టులోనూ ఇంతే’ అని ఇంకో వాక్యం పంపాడు. తెరిచి చూస్తే వైల్ ట్రూ, లోపల సెలెక్ట్, పది సెకన్ల స్లీప్. కమిట్ మాత్రం లేదు.