లారీని లాగిన తాడు

"లారీని లాగిన తాడు మనిషిని మొయ్యదా అల్లుడూ?"

మా కోయంబత్తూరు వైపు తోటల్లో ఈ ఒక్క ప్రశ్నతో ఎన్ని వాదాలు ముగిసిపోయాయో లెక్కలేదు. చెట్టెక్కే మిషను కొనేముందు పెద్దాయన నలుగురిని విచారిస్తాడు. ఉక్కు ఎక్కడిదో, స్ప్రింగు ఏ దేశానిదో ఆరా తీస్తాడు. తాడు దగ్గరికొచ్చేసరికి మాత్రం ఈ అస్త్రం తీస్తాడు. అల్లుడు నోరు మూసుకుంటాడు. హార్డ్‌వేర్ కొట్లో తాడు తక్కెడకెక్కుతుంది, కిలోల లెక్కన.

మోస్తుంది మామా, నిక్షేపంగా మోస్తుంది. ఆ తాడును మీ మిషను పట్టుకుంటుందా అన్నది అడగాల్సిన ప్రశ్న. దాన్ని అడిగిన నాథుడు లేడు.

మదురై చుట్టాలది ఇంకా పెద్ద స్థాయి. లారీలాంటి అల్పవాహనాలు వాళ్ళ నోట రావు. "మీనాక్షమ్మ తేరునే తాళ్ళతో లాగుతాం, నీ చెట్టెంత?" అంటారు. తిరుమల నాయకుడి కాలంనుంచి, అంటే 1623 నుంచి లెక్కేసుకున్నా నాలుగు వందల ఏళ్ళ అనుభవం వాళ్ళ వెనక ఉంది కాబట్టి ఎదురు చెప్పడం కష్టం. చెప్పాల్సింది మాత్రం చిన్నదే. తేరు తాడును వేల చేతులు పట్టుకుంటాయి. తాడు లావైతే చెయ్యి అంతగా తెరుచుకుంటుంది, జారితే ఇంకొంచెం బిగుసుకుంటుంది. చెట్టెక్కేవాడి నడుముకున్న మిషనుకు ఆ తెలివి లేదు. దాని సందు ఎంతో అంతే.

ముందు మిషన్ల సంగతి. చెట్లెక్కేవాళ్ళ పిల్లలు తిరుప్పూరు బనియన్ కంపెనీలకూ, కోయంబత్తూరు పేటలైన గణపతి, సింగానల్లూరు వర్క్‌షాపులకూ మళ్ళాక పొల్లాచ్చి కొబ్బరితోటలకు మిషన్లు తప్పలేదు. కన్నూరు జిల్లా చెంబేరి రైతు జోసఫ్ పేరు మోసే రెండు పాదాల మిషను కొండ దాటి ఇటొచ్చింది. మా ఊరి వ్యవసాయ విశ్వవిద్యాలయం తన వంతుగా ఒకటి చేసింది. 2011లో కొబ్బరి అభివృద్ధి బోర్డు కేరళలో కుర్రాళ్ళను పోగేసి, మిషనుతో చెట్టెక్కడం నేర్పే శిక్షణే మొదలుపెట్టింది. జోసఫ్ మిషనులో కాలు మోపే చట్రం ఒక్కొక్కదానికి మానును చుట్టుకునే ఉక్కుతీగల తాడు ఉంటుంది. బరువు పడితే అది బిగుస్తుంది, బరువు తీస్తే వదులవుతుంది. ఎక్కడమంతా ఆ బిగింపే. తీగలు ఒక్కొక్కటే తెగి ముళ్ళలా పైకి లేచినప్పుడు మావాళ్ళు చేసే వైద్యం ఏమిటంటే, ఇన్సులేషన్ టేపు చుట్టడం. ముల్లు చేతికి గుచ్చుకోదు, కంటికీ కనబడదు. రెండు విధాలా మనశ్శాంతి.

కొబ్బరికి కొమ్మల్లేవు కాబట్టి అక్కడితో సరిపోయింది. ఇంటిమీదికి వాలిన నిద్రగన్నేరు, కరెంటు తీగలవైపు చేతులు చాచిన మామిడి, వేప, వీటిని కొట్టాలంటే పద్ధతి వేరు. గట్టి కొమ్మ మీదుగా తాడు వేసి, ఆ తాడును పట్టుకునే పరికరాన్ని నడుము పట్టీకి తగిలించుకుని మనిషి పైకి వెళ్తాడు. పూర్వం ఆ పట్టు ఒక ముడిది. తాడు మీద ఇంకో చిన్న తాడును చుట్లు చుట్టి వేసే ముడి బరువు పడగానే బిగుసుకునేది, చేత్తో నొక్కితే జారేది. ఇప్పుడు ఆ ముడి చేసే పనిని లోహం చేస్తోంది. ఫ్రాన్స్‌లో పెట్జెల్ కంపెనీ వాళ్ళ జిగ్‌జాగ్ ఆ జాతిదే. గొలుసు లింకుల్లాంటి అల్యూమినియం ముక్కల మధ్య తాడు వంకర తిరుగుతుంది. ఆ వంకర్ల రాపిడే మనిషిని నిలబెడుతుంది. ముడి జారితే ఇంకో చుట్టు కలుపుకోవచ్చు, మరీ బిగిస్తే ఒకటి తీసెయ్యొచ్చు. లోహానికి చుట్టు కలిపే వీల్లేదు. సర్దుకోవాల్సింది తాడే. అందుకే ఆ పరికరానికి 11.5 నుంచి 13 మిల్లీమీటర్ల తాడు వాడాలని తయారుచేసినవాళ్ళే రాశారు. సన్నమైతే జారుతుంది, లావైతే ఇరుక్కుంటుంది.

ఇదంతా ఎవరికి చెబుతున్నాను? కోయంబత్తూరు తెలుగువాళ్ళకు! 1910లో కుప్పుస్వామి నాయుడు లక్ష్మీ మిల్లు పెట్టిన ఊరు. నలభై కౌంటు నూలు చేతికిచ్చి అరవై అంటే, వేళ్ళ మధ్య నలిపి మొహాన కొట్టే ఊరు. నూలు బలం, పురి, సాగుడు కొలిచే సిట్రా అనే పరిశోధనా సంస్థను 1956లోనే పెట్టుకున్న ఊరు. 1937లో దేశంలో తొలి కరెంటు మోటారు చేసింది కూడా ఇక్కడి నాయుళ్ళే. ఇలాంటి ఊళ్ళో, పోగుకు వంద ప్రశ్నలడిగేవాడు పోగులన్నీ కలిసి తాడయ్యేసరికి ఒక్క ప్రశ్నే అడుగుతాడు. కిలో ఎంత?

సంబంధం కలుపుకోవడం మనకు తెలియని విద్యా? ఐదు వందల ఏళ్ళ కిందట వలస వచ్చిన ఇంటిపేర్లను ఇప్పటికీ మరిచిపోకుండా అడిగి, ఇటువైపు మూడు తరాలు, అటువైపు మూడు తరాలు తవ్వి, జాతకాలు ముగ్గురు జోస్యులకు చూపించిగానీ పెళ్ళిమాట ఎత్తని వంశాలు మనవి. మిషనుకూ తాడుకూ ముడి పెట్టేటప్పుడు మాత్రం, ఎవరు దొరికితే వాళ్ళే పెళ్ళికొడుకు.

ఇక కొట్లో జరిగే భాగోతం. తాడు కావాలంటే "నైలాన్ ఉంది" అంటారు. నీలం, పసుపు, పచ్చ, ఏ చుట్ట చూపినా నైలానే. దీనికి పరీక్ష తోటలోనే ఉంది. మూరెడు ముక్క కోసి బావిలో వెయ్యండి. తేలిందా, అది నైలాన్ కాదు, చాలావరకు పాలీప్రొపిలీన్. నైలాన్ నీటికన్నా బరువు, మునుగుతుంది. తేలే జాతి చవక, తేలిక, పశువుల్ని కట్టడానికి బంగారంలాంటిది. కానీ ఎండకు పెళుసెక్కుతుంది, సుమారు 165 డిగ్రీలకే కరిగిపోతుంది. నైలాన్ సుమారు 220 దాకా, పాలియెస్టర్ సుమారు 255 దాకా కరగకుండా తట్టుకుంటాయి. చెట్టు మీద అంత వేడి ఎక్కడిదంటారా? అరవై అడుగుల ఎత్తునుంచి ఒక్క బిగిన సర్రుమని దిగిన కుర్రాణ్ణి ఆ పరికరం ఒకసారి ముట్టుకోమనండి. దిగిన వేగమంతా అక్కడే వేడిగా మారి కూర్చుంటుంది.

అసలు నైలానే దొరికిందనుకోండి. మూడు పాయల పురి తాడైతే ఇంకో వినోదం. పాయల గట్లు సందులో ఒక్కొక్కటే ఎక్కి దిగుతుంటే మిషను నత్తినత్తిగా నడుస్తుంది. పైగా సాగుతుంది. మనిషి జానెడు లాగితే జానెడు సాగి, వాణ్ణి ఉన్నచోటే ఉయ్యాల ఊపుతుంది. చెట్టు పనికి అల్లే తాళ్ళు వేరు. లోపల బరువు మోసే పోగుల కట్ట, పైన రాపిడి ఓర్చే అల్లిక తొడుగు. ఐరోపా వాళ్ళ ఈఎన్ 1891 ప్రమాణం ప్రకారం ‘ఎ’ రకం (టైప్ A) తాడు కనీసం 22 కిలోన్యూటన్లు, అంటే సుమారు 2,200 కిలోలు తట్టుకోవాలి. బరువు 50 కిలోలనుంచి 150కి పెంచినా సాగుడు 5 శాతం దాటకూడదు. అందరి కళ్ళూ ఆ మొదటి అంకె మీదే ఉంటాయి, లారీ గుర్తొస్తుంది కాబట్టి. కొమ్మ మీద కూర్చున్నవాడికి కావాల్సింది రెండోది.

ఆ ప్రమాణం ముద్ర ఉన్నా పని అయిపోలేదు. వేలితో నొక్కితే చప్పిడి అయిపోయే మెత్తటి తాడు, లేబుల్ మీద 12 అని ఉన్నా, లింకుల మధ్య పట్టీలా పరుచుకుని జారుతుంది. గట్టిగా గుండ్రంగా నిలిచే తాడు అదే 12కి కరుచుకుంటుంది. కొత్త తాడు నున్నగా ఉండి ఒకలా నడుస్తుంది. నాలుగు వానల్లో తడిసి కుదించుకుని, పీచు లేచి, పనసజిగురు పట్టాక ఇంకోలా. లేబుల్ మీది అంకె మొదటి రోజుకే చెల్లు. అందుకే తాడు మారిస్తే, అదే కంపెనీదైనా సరే, ముందు మోకాలెత్తున వేలాడి చూసుకోవాలి. మనవాళ్ళు ఈ పరీక్షను నేరుగా తాటి ఎత్తున పెడతారు, అదీ జీతగాడితో.

పిసినారులనే అని ఊరుకుంటే పక్షపాతం అవుతుంది. మా ఊరి పీలమేడు బంగళాల్లో రెండో జాతి ఒకటి పుట్టింది. వీళ్ళు డబ్బుకు వెనకాడరు. అమెరికాలో ఉన్న కొడుకు పంపిన వీడియోలో తెల్లవాడు నారింజరంగు తాడుతో ఓక్ చెట్టెక్కాడు కాబట్టి వీళ్ళకూ నారింజరంగే కావాలి. ఆ తాడు వాడి పరికరానికి కుదిరింది, వీళ్ళు కొన్నది వేరే పరికరం. ఆ మాట అంటే, "ధర చూశావా?" అంటారు. ధరతో రాపిడి పెరుగుతుందని ఇంతవరకూ ఏ శాస్త్రమూ చెప్పలేదు. పిసినారి తాడు జారి పడేస్తే, షోకిలా తాడు సగంలో ఇరికించి వేలాడదీస్తుంది. తేడా అంతే.

గోదావరి ఒడ్డున కోనసీమ దింపు కార్మికుణ్ణో, తెలంగాణ గీత కార్మికుణ్ణో పిలిచి ఈ వాదన వినిపించండి. తన మోకును తన నడుముకూ తాను ఎక్కే చెట్టుకూ సరిపడా చూసుకునే మనిషికి, తాడు వేరు, పనిముట్టు వేరు అన్న ఆలోచనే ఎక్కదు. అంత జాగ్రత్తపరులు కూడా పడి ప్రాణాలు పోగొట్టుకుంటున్నారనే కదా, 2024 జూలైలో తెలంగాణ ప్రభుత్వం కాటమయ్య రక్షణ కవచం పేరుతో కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది. అందులో తాడు, కొక్కేలు, పట్టీలు ఒక సెట్టుగా వచ్చాయి, వాడకం నేర్పే శిక్షణ కూడా వచ్చింది. తాడు మీ ఇష్టం, కొట్లో కొనుక్కోండి అనలేదు.

మావైపు తోటల్లో తాడుకు పదవీ విరమణ కూడా లేదు. తొడుగు చిరిగి లోపలి పోగులు తెల్లగా కనిపించినా, రంపం పళ్ళు తగిలినా, వంచి చూస్తే ఒకచోట మెత్తగా లొట్టపోయినా, అది పారేసే తాడు కాదు, పక్క తోటకు అప్పిచ్చే తాడు. అక్కణ్ణుంచి మదురై వైపు చోళవందాన్ చుట్టాల తోటకు వెళ్తుంది. అక్కడ దాన్ని కొత్తగా వచ్చిన కుర్రాడికిస్తారు, ఇంకా నేర్చుకుంటున్నాడు కదా అని. కాబట్టి పెద్దాయనా, తాడు పని అయిపోయిందనుకున్న రోజున మీరే కత్తి పట్టుకుని బారెడేసి ముక్కలు చెయ్యండి. దూడలకు పలుపులుగా పనికొస్తాయి, కిలోకు పెట్టిన డబ్బు ఎక్కడికీ పోదు. బారెడు ముక్కతో చెట్టెక్కమని మీరు కూడా ఎవరికీ చెప్పలేరు.